పాలా, జావా, గుడ్డా: తిండికి మొండికేసే పిల్లలకు ఏది ముందు, ఏది తర్వాత

మా పెద్దది ఏది పెడితే అది తినేది. పిల్లలకు అన్నం తినిపించడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య అనుకున్నాను. చిన్నోడికి ఏడాదిన్నర వచ్చేసరికి ఆ గర్వం కాస్తా దిగిపోయింది. ముద్ద పెడితే బుగ్గన పెట్టుకుని అరగంట అలాగే కూర్చుంటాడు. కూర ముక్క కనిపిస్తే వేలితో తీసి పక్కన పెడతాడు. అత్తయ్య దిష్టి తీశారు, మా అమ్మ వాము నీళ్ళు పట్టమంది, పక్కింటావిడ ఆకలి టానిక్ పేరు చీటీ మీద రాసిచ్చింది.

పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళి "వీడు ఏమీ తినడం లేదండీ" అన్నాను. ఆవిడ మందు రాయలేదు. నిన్న లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా వాడి నోట్లోకి వెళ్ళినవన్నీ రాయమన్నారు. రాస్తే ఇదీ జాబితా: 200 మిల్లీలీటర్ల పాల సీసాలు ఐదు, బిస్కెట్లు ఆరు, అరటిపండు సగం, ఇడ్లీ ముప్పావు, రాత్రి నాలుగు ముద్దల పెరుగన్నం.

లీటరు టోన్డ్ పాలంటే దాదాపు 600 కేలరీలు. సీసాకో చెంచా చక్కెర వేసుకుంటే ఇంకో వంద. ఆరు బిస్కెట్లకు మరో వంద పైనే. ఏడాది నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకు రోజంతా కలిపి కావలసింది వెయ్యి కేలరీల చుట్టుపక్కల. అంటే అన్నం గిన్నెతో నేను వాడి వెనక పరుగెత్తేసరికే, ఆ రోజు తిండిలో ముప్పాతిక వంతు వాడి పొట్టలో ఉంది. వాడు తినకపోవడం కాదు, నేను చోటు మిగల్చలేదు.

అందుకే ఈ ఎంపికలన్నిటిలో మొదటిది ఏం పెట్టాలన్నది కాదు, ఏం తగ్గించాలన్నది. ఇది తేలకుండా కొత్త వంటలు వెతకడం వృథా. నేను ఆరు నెలలు అదే పని చేశాను.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ మొదటి ఏడాదికి తొమ్మిది కిలోలవుతుంది. రెండో ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల వేగం తగ్గితే ఆకలీ తగ్గుతుంది. ఏడాది లోపు తిన్నట్టే రెండేళ్ళకూ తినాలని మనం చూస్తాం, అక్కడే టెన్షన్ మొదలవుతుంది.

పాలు, పెరుగు, పాలలో కలిపే పొడి

పాలు మంచివే. కానీ వాటిలో ఐరన్ దాదాపు లేదు. పైగా పొట్ట నింపి, ఐరన్ ఉన్న తిండిని పక్కకు నెట్టేస్తాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం అని తేలింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, నేరమంతా పాల మీద వేయను. కానీ రోజుకు లీటరు పాలు తాగుతూ అన్నం ముట్టని పిల్లాడు మీ ఇంట్లో ఉంటే ముందు చూడాల్సింది ఇక్కడే. మలబద్ధకం కూడా ఉంటే మరీను.

మా డాక్టరు పెట్టిన హద్దు రోజుకు 400 నుంచి 500 మిల్లీలీటర్లు, పెరుగుతో కలిపి. సీసా మానేసి గ్లాసు, అదీ తిన్న తర్వాత. పడుకుని తాగే రాత్రి సీసా పళ్ళకు చేటు కాబట్టి అది ముందుగా పోవాలి. మేం రోజుకో సీసా చొప్పున కాకుండా నాలుగు రోజులకో సీసా తగ్గించాం. "పాలు మాన్పిస్తే పిల్లాడు ఎండిపోతాడు" అని అత్తయ్య బాధపడ్డారు. "పాలు ఎక్కడికీ పోవడం లేదత్తయ్యా, తోడుకుంటున్నాయంతే" అని సర్దిచెప్పాను.

పాలకూ పెరుగుకూ పోలిస్తే, ఇలాంటి పిల్లలకు నా ఓటు పెరుగుకే. కాల్షియం దాదాపు అంతే ఉంటుంది, కానీ సీసాతో పాలు దించినట్టు పెరుగు దించలేరు. ఒక చిక్కు మాత్రం ఉంది. కొందరు పిల్లలు మూడు పూటలా పెరుగన్నమే అంటారు. మన ఇళ్ళల్లో పప్పు, కూర, చారు అయ్యాక చివర్న పెరుగు. వీళ్ళు మొదటి మెట్టు ఎక్కకుండా చివరి మెట్టు మీద కూర్చుంటారు. అలాంటప్పుడు పెరుగును ఒక్క పూటకే కట్టేయండి, మధ్యాహ్నం పప్పన్నం టైములో పెరుగు గిన్నె కంటికి కనపడనివ్వకండి.

పాలలో కలిపే చాక్లెట్ పొడుల గురించి ఒక్క మాట. ఆహార భద్రతా చట్టంలో "హెల్త్ డ్రింక్" అనే నిర్వచనమే లేదు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అంగళ్ళకు చెప్పింది కూడా ఇదే, ఈ పొడులను ఆ పేరు కింద పెట్టి అమ్మొద్దని. మా ఇంట్లో డబ్బా అయిపోయాక మళ్ళీ కొనలేదు. రెండేళ్ళ లోపు పిల్లలకైతే విడిగా చక్కెర వేయడమే వద్దంటున్నారు.

పొద్దుటి పూట: జావ, ఇడ్లీ, డబ్బా సీరియల్, బాలామృతం

రాగి జావ పేరు చెప్తే అందరి మొహాలూ వెలుగుతాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు. పాలకు మూడింతలు. అయితే పిల్లాడు వంద గ్రాముల రాగిపిండి తినడు కదా. గిన్నెడు జావలో వేసేది రెండు పెద్ద చెంచాలు, సుమారు 20 గ్రాములు. కాల్షియం 70 మిల్లీగ్రాముల చిల్లర. రోజుకు కావలసింది 500. కాబట్టి జావ తాగాడు గనక పాలు, పెరుగు అక్కర్లేదనుకోవద్దు.

జావతో రెండో చిక్కు పలుచదనం. పలుచగా కాస్తే పొట్ట నీళ్ళతో నిండుతుంది, చిక్కగా కాస్తే గొంతు దిగదు. దీనికి పాత ఉపాయమే సరైంది: రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పట్టించడం. మొలక వచ్చిన గింజలో తయారయ్యే ఎంజైమ్ గంజిపదార్థాన్ని విడగొడుతుంది, అందుకని ఎక్కువ పిండి వేసినా జావ జారుగానే ఉంటుంది. ఒంటికి ఐరన్ పట్టకుండా అడ్డుపడే ఫైటేట్లు కూడా కొంత తగ్గుతాయి. రెండేళ్ళు దాటిన పిల్లలకైతే జావ కంటే రాగి అట్టు మేలు, నమిలే పని ఉంటుంది. రాయలసీమ ఇళ్ళల్లో పిల్లలకు చిన్న సంగటి ముద్ద పప్పులో ముంచి పెడతారు. ఈ మూడింటిలో నాకు అదే గొప్పగా కనిపిస్తుంది.

ఇడ్లీ దగ్గర బియ్యం, మినప్పప్పు కలుస్తాయి, పిండి పులుస్తుంది, పిల్లాడు చేత్తో పట్టుకోగలడు. ఇడ్లీ బలం ఇడ్లీలో కంటే దాని పక్కన ఉండేదానిలో ఎక్కువ. ఉత్త ఇడ్లీ చక్కెరతో పెడితే అది గంజి, తీపి. అదే ఇడ్లీ నెయ్యి, పుట్నాల పొడితో గానీ, కారం వేయని పల్లీ చట్నీతో గానీ పెడితే ప్రొటీనూ కొవ్వూ వచ్చి చేరతాయి. చెంచాడు నెయ్యి 45 కేలరీలు. కొంచెమే తినే పిల్లాడికి ఆ కొంచెంలోనే బలం పెట్టాలంటే ఇంతకంటే సులువు లేదు.

డబ్బా సీరియల్ ప్రయాణాలకు పనికొస్తుంది. ప్యాకెట్ మీద పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. మొదటి మూడింటిలో చక్కెర ఉంటే తిరిగి అరలో పెట్టేయండి. దానికంటే పెద్ద ఇబ్బంది ఇంకోటి ఉంది. అది పూర్తిగా మెత్తని ముద్ద. రెండేళ్ళ దాకా అదే అలవాటైతే ఆ తర్వాత అన్నం మెతుకు తగిలినా ఓకరిస్తారు. ఇంట్లో చేసిన ఉగ్గు పొడికీ ఇదే వర్తిస్తుంది, ఇంటిదైనంత మాత్రాన మినహాయింపు లేదు.

తెలంగాణ అంగన్‌వాడీల్లో ఏడు నెలల నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇస్తారు. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిపి చేసిన పొడి. ఉచితంగా వచ్చిందని చిన్నచూపు చూసి గేదెల కుడితిలో కలిపిన ఇళ్ళు నేనెరుగుదును. ఖరీదైన డబ్బాతో పోలిస్తే ఇది తీసిపోయేదేమీ కాదు. చక్కెర ముందే ఉంది కనుక మళ్ళీ వేయకండి. జావలా వద్దంటే గోధుమపిండిలో సగానికి సగం కలిపి రొట్టె చేయండి. మా వాడు జావను ఉమ్మేశాడు, రొట్టె మాత్రం ఎత్తుకుపోయి సోఫా వెనక కూర్చుని తిన్నాడు.

గుడ్డు, పప్పు, మాంసం

గుడ్డు తినే ఇళ్ళల్లో ఆలోచించే పనే లేదు, గుడ్డు పెట్టండి. ఒక గుడ్డులో సుమారు ఆరు గ్రాముల ప్రొటీన్. ఈ వయసు పిల్లలకు రోజుకు కావలసింది పదకొండు, పన్నెండు గ్రాములే. ఉడికిన గుడ్డు వాసన పడకపోతే అట్టు మీద కొట్టి పరచండి, లేదా నాలుగు ఉల్లిపాయ ముక్కలతో పొరటు చేసి అన్నంలో కలపండి.

పప్పు దగ్గర మనం చేసే తప్పు ఒకటుంది. పైన తేరిన పప్పుకట్టు తీసి అన్నంలో పోసి "పప్పన్నం తిన్నాడు" అంటాం. పప్పులో ఉండే సారమంతా అడుగున ఉంది, పైన ఉన్నవి పసుపు నీళ్ళు. అడుగు నుంచి గరిటె తిప్పి ముద్దపప్పు పెట్టండి. దించాక నిమ్మకాయ పిండితే ఇంకా మంచిది, విటమిన్ సి ఉంటే పప్పులోని ఐరన్ బాగా ఒంటపడుతుంది. జామపండు ముక్క పక్కన పెట్టినా అదే లాభం. టీ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. బిస్కెట్ ముంచుకోవడానికని గ్లాసులో అడుగున పోసే ఆ కాస్త టీ కూడా. అది ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు.

మాంసం తినే ఇళ్ళవాళ్ళు చికెన్ ముక్క కంటే కోడి కార్జం గుర్తుపెట్టుకోండి. ఐరన్ అందులో ఎన్నో రెట్లు ఎక్కువ, మెత్తగా ఉంటుంది, నమలలేని పిల్లలకూ దిగుతుంది. విటమిన్ ఎ మోతాదు కూడా చాలా ఎక్కువ కాబట్టి వారానికి ఒకసారి, ఒకటి రెండు చిన్న ముక్కలు చాలు.

కూరలు: మీ పిల్లాడు ఏ జాతి?

కూరగాయలను దాచి పెట్టాలా, చూపించి పెట్టాలా అన్న తగువు ప్రతి ఇంట్లో ఉంటుంది. ఇడ్లీ పిండిలో క్యారెట్ తురుము, పప్పులో మెత్తగా మెదిపిన సొరకాయ నేనూ వేస్తాను. కానీ దాచిన కూర ఒంట్లోకి వెళ్తుంది తప్ప అలవాటులోకి వెళ్ళదు. సొరకాయ అంటే ఏమిటో ఎరగకుండానే వాడు ఐదేళ్ళవాడవుతాడు. కొత్త తిండి అంటే భయం రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ మధ్య బాగా ఎక్కువ. ఎనిమిది నుంచి పదిహేను సార్లు కంచంలో కనబడితే గానీ చాలామంది ముట్టరు. మనం మూడోసారికే "వీడికి బెండకాయ పడదు" అని తీర్మానం చేసేస్తాం. రెండూ చేయండి: దాచిందేదో దాచండి, అదే కూర వేరే ఒక ముక్క కంచం అంచున ఊరికే ఉంచండి. తినమని అనొద్దు. మా వాడు ఏడుసార్లు బీరకాయ ముక్కను నేల మీదకు తోశాడు, ఎనిమిదోసారి నాకి చూశాడు. అది కూడా లెక్కలోకే వస్తుంది.

ఏ కూరతో మొదలుపెట్టాలన్నదానికి నేను పోషకాల పట్టిక చూడను, పిల్లాడిని చూస్తాను. నా లెక్కలో వీళ్ళు మూడు రకాలు.

కరకర పిల్లలు. అప్పడం, చిప్స్, అట్టు అంచు వీళ్ళకు ప్రాణం. వీళ్ళకు కూర పెడితే రుచికి కాదు, మెత్తదనానికి పారిపోతారు. వీళ్ళను వేపుళ్ళతో పట్టాలి. ఆలుగడ్డ వేపుడు తింటున్నాడా, వచ్చే వారం అందులో నాలుగు చేమదుంప ముక్కలు. అవి పోయాయా, అరటికాయ. తర్వాత కంద. ఆపైన సన్నగా తరిగి వేయించిన బెండకాయ, కాకరకాయ కూడా. ఒక్కో అడుగు ముందు దానికి పక్కింటిలా ఉండాలి, ఊరు దాటకూడదు. పెసరట్టు కూడా వీళ్ళదే: పైకి కరకర, లోపల పెసలు.

మెత్తని పిల్లలు. ముద్దపప్పు, పెరుగన్నం, అరటిపండు. ముక్క తగిలితే చాలు ముద్ద మొత్తం బయటికి. వీళ్ళకు పొంగలి, కిచిడీ, పప్పులోనే కలిసిపోయే ఆకుకూరలు సరి. కానీ నెలనెలా కాస్త కాస్త గరుకు పెంచుతూ పోవాలి. మిక్సీ నుంచి పప్పుగుత్తికి, గుత్తి నుంచి చేతి మెదుపుకు, ఆపైన సన్న ముక్కకు. మిక్సీ దగ్గరే ఆగిపోతే ముందే చెప్పిన ఓకరింపు కథ అవుతుంది. ఆకుకూరల్లో వీళ్ళకు పాలకూర కంటే మునగాకు నా ఎంపిక. పాలకూరలో ఉన్న ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టుకుని వదలవు. మునగాకు పొడి చిటికెడు చొప్పున అట్టు పిండిలో కలిపితే కనబడదు కూడా.

పులుపు పిల్లలు. వీళ్ళు మనవాళ్ళు! చారు గిన్నెలో వేలు ముంచి చప్పరిస్తారు, ఊరగాయ వైపు ఆశగా చూస్తారు. ఇంత సులువైన పిల్లలు ఇంకొకరు లేరు, మనకు తెలియక చప్పిడి తిండి పెట్టి బాధపెడతాం. గోంగూర పప్పు, చింతచిగురు పప్పు, మామిడికాయ పప్పు, టమాటా పప్పు, చుక్కకూర. కారం, ఉప్పు తగ్గించి పులుపు ఉంచితే ఆకుకూరలన్నీ ఈ దారిలోనే లోపలికి పోతాయి. మా చిన్నోడు ఈ జాతేనని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. అదీ ఒక పెళ్ళి పంతిలో మా పెద్దమ్మ విస్తట్లోంచి గోంగూర లాక్కుని తిన్నాక తెలిసింది.

చిరుతిండికి పెద్ద పోలికలు అక్కర్లేదు. బిస్కెట్ స్థానంలో సున్నుండ, నువ్వుండ, పుట్నాలు బెల్లం పొడి, ఉడికించిన చిలగడదుంప. బెల్లం కూడా చక్కెర లాంటిదే, చిన్న ఉండ ఒకటి చాలు. పల్లీలు, పుట్నాలు గింజలుగా పెట్టొద్దు, పొడి కొట్టి పెట్టండి. ద్రాక్షపండు నిలువుగా నాలుగు చీలికలు చేయండి. ఈ వయసులో గొంతుకు అడ్డుపడటం క్షణం పని.

తినిపించాలా, తిననివ్వాలా

1920లలో అమెరికాలో క్లారా డేవిస్ అనే పిల్లల డాక్టరు ఒక ప్రయోగం చేశారు. పాలు మానే వయసు పిల్లలు పదిహేను మందికి 34 రకాల పదార్థాల్లోంచి ఏది కావాలంటే అది, ఎంత కావాలంటే అంత తిననిచ్చారు. నర్సు చెంచా పట్టుకుని కూర్చోవాలే గానీ, పిల్లాడు చూపించేదాకా అందించకూడదు. పిల్లలు ఒకరోజు గుడ్లే తిన్నారు, ఒకరోజు పండ్లే తిన్నారు, మొత్తం మీద అందరూ ఆరోగ్యంగా పెరిగారు. "చూశావా, పిల్లలకే తెలుసు" అని దీన్ని చెబుతుంటారు. కిటుకు ఎంచి పెట్టిన ఆ జాబితాలో ఉందని డేవిసే అన్నారు. అందులో చక్కెర లేదు, మైదా లేదు. బిస్కెట్ డబ్బా కంటికి ఎదురుగా పెట్టి పిల్లాడి ఇష్టానికి వదిలేస్తే ఆ ప్రయోగం మన ఇంట్లో చేసినట్టు కాదు.

అందుకని మేం చేసుకున్న ఏర్పాటు ఇది. ఏం వండాలి, ఎన్నింటికి పెట్టాలి అన్నది నాదీ అత్తయ్యదీ. ఎంత తినాలన్నది వాడిది. రెండున్నర, మూడు గంటలకోసారి తిండి, మధ్యలో మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు. కంచంలో వాడికి నచ్చేది ఒకటి తప్పకుండా ఉంటుంది. ఇరవై, ముప్పై నిమిషాలయ్యాక కంచం తీసేయడమే, బతిమాలడం లేదు. మధ్యాహ్నం తిననందుకు నాలుగింటికి పాలు ఇచ్చి ఊరుకోబెట్టడమూ లేదు. ఈ చివరిదే అన్నిటికంటే కష్టం, ముఖ్యంగా మనసు కరిగే నానమ్మలున్న ఇళ్ళల్లో.

చందమామను చూపించి గోరుముద్దలు పెట్టడం, ఫోన్ చూపించి పెట్టడం ఒకటేనా అని మా ఆయన వాదన. కాదు. మేడ మీద పెట్టే మనిషి పిల్లాడి మొహం చూస్తుంది, వాడు ముద్దను చూస్తాడు, చాలంటే తల తిప్పుతాడు. ఫోన్ ముందు వాడికి నోట్లో ఏముందో తెలియదు, కడుపు నిండిందో లేదో తెలియదు. గిన్నె ఖాళీ అవుతుంది గానీ తినడం రాదు. అలాగని నేను మడి కట్టుకుని కూర్చోలేదు, రైల్లో ఫోన్ ఇచ్చాను, జ్వరం వచ్చినప్పుడు ఇచ్చాను.

టానిక్ కొనే ముందు

ఆకలి పెంచే సిరప్‌ల కంటే ముందు అడగాల్సినవి మూడున్నాయి, మూడూ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేవే. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ వరకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ ఫోలిక్ సిరప్, ఆశా కార్యకర్తను అడగండి. ఏడాది దాటిన పిల్లలకు ఆరు నెలలకోసారి నులిపురుగుల మందు: రెండేళ్ళ లోపు సగం ఆల్బెండజోల్ మాత్ర, ఆ పైన ఒకటి. తొమ్మిది నెలల నుంచి ఐదేళ్ళ లోపు విటమిన్ ఎ, ఆరు నెలలకో డోసు చొప్పున తొమ్మిది డోసులు. ఆకలి టానిక్‌లలో కొన్ని నిజానికి మత్తు కలిగించే అలర్జీ మందులు, డాక్టరు రాయకుండా మందుల షాపులో అడిగి కొనకండి.

కొన్ని మాత్రం వంటింట్లో తేలే వ్యవహారాలు కావు. మూడు నెలలుగా బరువు కదలకపోవడం, లేదా తగ్గడం. అంగన్‌వాడీలో జబ్బ చుట్టూ కొలిచే టేపు 12.5 సెంటీమీటర్ల లోపు చూపించడం. మట్టి, సుద్ద, గోడ సున్నం తినడం. చాలాసార్లు ఇది ఐరన్ లోపానికి గుర్తు, కొట్టి మాన్పించేది కాదు. మింగేటప్పుడు ప్రతిసారీ పొలమారడం. తినే రకాలు పెరగకపోగా నెలనెలా తగ్గిపోతూ, మాటలు కూడా రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ పోలికలన్నీ పక్కన పెట్టి పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు మూడు రోజులు వాడు తిన్నది, తాగింది రాసిన కాగితం పట్టుకెళ్ళండి, బిస్కెట్లతో సహా.